బాపు గొర్లకు పోసిన సముద్రం

ఆ ఏడాది నా దగ్గరున్న సముద్రం మొత్తం ఇరవై లీటర్లు. తీరం నుంచి రెండు బస్సులు మారి మోసుకొచ్చిన క్యాన్‌ను జడ్చర్ల దగ్గర మా ఇంటి వాకిట్లో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఖాళీ.

"ఉప్పగున్నయని గొర్ల తొట్టిల కలిపిన," అన్నాడు బాపు. ముసురు పట్టినప్పుడు మందకు ఉప్పు పెట్టడం మా ఇంటి అలవాటు.

"రుచి జూసినవా బాపూ?"

"జూడకుంట గొర్లకెట్ల పోస్త? జర చేదున్నయి గని, మంచిగనే తాగినయి."

సముద్రపు బురదలోంచి నేను వేరుచేసిన ఒక బ్యాక్టీరియాకు ఆ నీళ్లు కావాలి. జన్యువులను బట్టి అది కొత్త జాతే. కానీ దాని దగ్గరి చుట్టమైన ఒక పాత జాతితో పోల్చి నేను గీసిన పట్టికలో పద్దెనిమిది వరసలుంటే అన్నీ ఒకటే: నారింజ రంగు, కడ్డీ ఆకారం, తట్టుకునే వేడి, అన్నీ.

"ఒక్క తేడా అన్న జూపియ్యకుంటే కొత్త జాతని ఎవరొప్పుకుంటరయ్యా?" అనేది మా గైడ్ మేడమ్. నా మూడేళ్ల పీహెచ్‌డీ పని ఆ ఒక్క తేడా దగ్గర ఆగింది.

నీళ్లు పోయాయి కనుక ల్యాబ్‌లో మామూలు ఉప్పును సముద్రంలో ఉన్న పాళ్లలోనే తూచి నీళ్లలో కలిపి, రెండు జాతులనూ గాజు ప్లేట్లలో వేశాను. మూడో రోజుకు చుట్టం నిండుగా మొలిచింది. నాది మొలవలేదు. ఫ్రీజర్‌లో దాచిన దాన్ని తీసి మళ్లీ వేశాను. మళ్లీ ప్లేటు ఖాళీ. చచ్చిపోయిందనుకున్నాను.

ఇంటికి వచ్చే బస్సులో బాపు మాట గుర్తొచ్చింది. చేదు. వట్టి ఉప్పుకు చేదెక్కడిది? సముద్రానికి ఆ చేదు మెగ్నీషియం లవణాల వల్ల వస్తుంది. మర్నాడు ఉప్పుతోపాటు ఆ లవణాలనూ తూచి కలిపాను. రెండు రోజుల్లో ప్లేటు నిండా నారింజ చుక్కలు!

మేడమ్ ప్లేటును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. "దొరికింది గదా తేడా! ఎవరు చెప్పిన్రు నీకు?"

"మా బాపు, మేడమ్. నాలుకతోని."

పట్టికలో పందొమ్మిదో వరస రాశాను: ఉప్పొక్కటే ఉంటే చుట్టం పెరుగుతుంది, ఇది పెరగదు. కొత్త జాతిగా ఒప్పుకున్నారని కబురొచ్చిన రోజు ఇంట్లో చెబితే బాపు నవ్వాడు. "గిన్ని నఖరాలా దానికి! నా గొర్లే నయం."

మళ్లీ క్యాన్ తెచ్చినప్పుడు వాకిట్లోనే ఆపాడు.

"ఇయ్యి గొర్లకా, నీ పురుగులకా?"

"పద్దెనిమిది లీటర్లు పురుగులకు," అన్నాను. "గొర్లకు రెండు."