వ్యాసలీన్ పూసిన కత్తెర

1987 జూన్‌లో నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ కంటి ఆసుపత్రికి బదిలీ చేశారు. ఒక ట్రస్టు వారు సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడలలో మూడు చిన్న కంటి ఆసుపత్రులు నడిపేవారు. ఆ ట్రస్టు పేరు ఇక్కడ అవసరం లేదు. తప్పు వారిది కాదు, నాది. నా హోదా స్టాఫ్ నర్సు. పని మాత్రం ఎక్కువగా ఆపరేషన్ థియేటర్ ముందు గదిలో, రోగులను సిద్ధం చేయడం.

శుక్లాల ఆపరేషన్‌కు ముందు కనురెప్పల వెంట్రుకలు కత్తిరించడం అప్పటి పద్ధతి. అందుకు చిన్న వంపు కత్తెర వాడతాం. దాని అంచులకు ముందుగా వ్యాసలీన్ పూస్తాం. తెగిన వెంట్రుకలు కంట్లో రాలకుండా ఆ జిడ్డుకే అంటుకుంటాయి. రోగిని కిందికి చూడమని చెప్పి, పై రెప్పను బొటనవేలితో కొద్దిగా ఎత్తిపట్టి, చర్మానికి తగలకుండా కత్తిరించాలి. నేను ఒక్కో కన్ను ఒకటిన్నర నిమిషంలో ముగించేదాన్ని. కొత్తగా చేరిన నర్సులను డాక్టరు గారు నా పక్కన నిలబెట్టి, చూసి నేర్చుకోమనేవారు. దాచడం దేనికి, నాకు ఆ గర్వం నెత్తికెక్కింది.

కత్తిరించిన రెప్ప వెంట్రుకలు రెండు నెలల్లో తిరిగి వస్తాయి. కొసలు మొద్దుగా ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు ఒత్తుగా కనిపిస్తాయి. అంతేగాని మునుపటి కంటే ఒక్క వెంట్రుక కూడా ఎక్కువ మొలవదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. కానీ ముసలమ్మలకు తోడు వచ్చిన కోడళ్లు, మనవరాళ్లు "సిస్టరమ్మా, మా అత్తకు రెప్పలు ఎంత మంచిగ వచ్చినయో సూడు, మాకు గూడ జర కత్తిరియ్యరాదూ" అని అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని. అది ఉత్త మాట అని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో మిర్యాలగూడలో బ్యూటీ పార్లర్ అంటే కలిగినవాళ్ల వ్యవహారం. కూలి ఇళ్ల ఆడపిల్లలకు రెప్పలు అందంగా కనిపించాలంటే ఆముదం, కాటుక, నాలాంటి వాళ్ల సలహా తప్ప ఇంకేమీ లేవు.

మా వార్డులో యాదమ్మ ఆయా. మాడుగులపల్లి దగ్గరి మనిషి. పర్మనెంటు కాదు, రోజు కూలీ మీద పని. కళ్లకు గంతలు కట్టిన రోగులను చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించడం ఆమె బాధ్యత. ఆ పని ఆమెకు ఇష్టం. ఇంట్లో ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, మసి పట్టి, నెయ్యితో రంగరించి కాటుక చేసేది. రోగులకు కాటుక పెట్టకూడదన్న నియమాన్ని ఎప్పుడూ దాటలేదు. మా నర్సులకు మాత్రం చిన్న డబ్బాల్లో తెచ్చి ఇచ్చేది. ఆ కాటుక నేనూ రెండేళ్లు పెట్టుకున్నాను. ఒక్కనాడు కన్ను ఎర్రబడలేదు.

యాదమ్మ కూతురు సరితకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఒక లేడీస్ టైలర్ దుకాణంలో కుట్టు నేర్చుకుంటోంది. దసరా నుంచి మిషను మీద కూర్చోబెట్టి జీతం ఇస్తామని దుకాణం ఆవిడ మాట ఇచ్చింది. 1989 ఎండాకాలంలో ఇంట్లో ఊక పొయ్యి మంట ఒక్కసారిగా ఎగదన్ని సరిత రెండు కళ్ల రెప్పలూ మాడిపోయాయి. అదృష్టం కొద్దీ చర్మం కాలలేదు. దుకాణానికి వచ్చే ఆడవాళ్లు ఆమె ముఖం చూసి నవ్వుతున్నారని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది.

మొదట నేను సరైన మాటే చెప్పాను. మూడు నెలలు ఓపిక పట్టమన్నాను. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో రెప్పల అంచు తుడుచుకుని, వేలికొసకు అంటీ అంటనంత ఆముదం రాయమన్నాను. అంతకు మించి పైసా ఖర్చు పెట్టాల్సిన పని లేదన్నాను. ఆ పిల్ల చెప్పినట్టే చేసింది. నెలన్నరకు రెప్పలు వచ్చాయి గాని ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి. అప్పుడు అడిగింది, కత్తిరించమని. "నీ చేతితోని కత్తిరిస్తే ఒత్తుగ వస్తయట గద, అందరు అంటున్నరు" అంది. కాదని చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెప్పలేదు. నా చేతి మీద ఆ పిల్లకు ఉన్న గురి నాకు తియ్యగా ఉంది.

అది ఆపరేషన్ల రోజు. అంతకు కాసేపటి ముందే వాడపల్లి నుంచి వచ్చిన ఒక రైతుకు రెప్పలు కత్తిరించాను. తర్వాత డాక్టరు గారు ఆయన ముక్కు పక్కన నొక్కి చూస్తే కన్నీటి సంచిలోంచి చీము వచ్చింది. ఆపరేషన్ వాయిదా వేసి పంపించారు. పదునైన సాధనాలను మరిగిస్తే అంచు పోతుందని లైసాల్ అనే క్రిమినాశక ద్రావణంలో ఇరవై నిమిషాలు నానబెట్టేవాళ్లం. ఆ కత్తెరను కూడా నానబెట్టాలి. సరిత మధ్యాహ్నం అన్నం వేళకు పరుగున వచ్చి నిలబడింది, తొందరగా దుకాణానికి పోవాలంది. స్పిరిట్ దూదితో తుడిచి, వ్యాసలీన్ పూసి, కత్తిరించేశాను. కుడి కంటి పై రెప్ప చివర సూదిమొన అంత గాటు పడింది. దూదితో అద్దాను. ఎవరికీ చెప్పవద్దన్నాను.

మూడో రోజుకు ఆ కన్ను ఉబ్బి మూసుకుపోయింది. యాదమ్మ కూతురిని తీసుకుని వచ్చింది. డాక్టరు గారు పరీక్ష చేస్తుంటే టార్చి పట్టుకున్నది నేనే. చీముతో రెప్పలన్నీ ముద్దకట్టాయి, పైగా అవి మాడిన రెప్పలని అందరికీ తెలుసు. అందువల్ల కత్తిరింపు ఆయన కంటపడలేదు. ఎడమ కంటికి ఉన్న కాటుక కనిపించింది. కంటికి ఏం పెట్టారని అడిగారు. యాదమ్మ నా వైపు ఒకసారి చూసి, "కాటుక, సారూ, నేనే చేసిన" అంది.

ఆయన మంచి వైద్యుడు, కోపిష్టి. కంటి ఆసుపత్రిలో పని చేస్తూ కన్నబిడ్డ కంట్లో మసి పోస్తావా అని వార్డు అంతా వినేలా అరిచారు. డబ్బా తెప్పించి చెత్త బకెట్లో వేయించారు. ఇకపై వార్డులో అడుగు పెట్టవద్దని, ఆవరణ ఊడ్చే పనికి, మరుగుదొడ్లకు మార్చారు. కేసు షీటులో "కాటుక వల్ల ఇన్‌ఫెక్షన్" అని రాయమన్నారు. నా చేతితోనే రాశాను. నిజం చెబితే నాకు జరిగేదేమిటో అప్పుడే లెక్క వేసుకున్నాను. ఒక మెమో, ఒక ఇంక్రిమెంటు ఆగడం. ఉద్యోగం పోదు. అది తెలిసి కూడా నోరు మెదపలేదు.

నల్లగుడ్డుకు ప్రమాదం తప్పింది. రెప్ప చివర మాత్రం మచ్చ కట్టి, అక్కడి వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గీరడం మొదలైంది. దసరాకు మిషను మీద వేరే పిల్ల కూర్చుంది. సరితకు ఆ అవకాశం రావడానికి మరో ఏడాది పట్టింది. లోపలికి తిరిగిన రెప్పలను ఆరు వారాలకొకసారి సన్నని పట్టకారుతో పీకాలి. మరిన్ని రెప్పలు కావాలని వచ్చిన పిల్లకు ఉన్న రెప్పలు పీకుతూ అయిదేళ్లు గడిపాను. ప్రతిసారీ లేచి నాకు దండం పెట్టి వెళ్లేది. ఆ దండం అందుకుంటుంటే తల కొట్టేసినట్టు ఉండేది. అయినా అందుకున్నాను.

1994లో థియేటర్ ఇన్‌ఛార్జిగా నాకు కోదాడకు ప్రమోషన్ వచ్చింది. రిలీవ్ అయిన రోజున యాదమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. పంపు దగ్గర బకెట్లు కడుగుతోంది. కత్తెర సంగతి మొత్తం చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"గా ముచ్చట నాకు ఎర్కలేదా సిస్టరమ్మా? పిల్ల ఆ దినమే చెప్పింది" అంది.

మరి డాక్టరు గారితో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు పక్కనే ఉంటివి గద, నువ్వే చెప్తవని సూసిన. నువ్వు చెప్పకపోతివి. ఇగ కూలీదాన్ని, నా మాట ఎవలు ఇంటరు? ఇన్నా నిన్ను తీసేస్తరేమో అనుకున్న. నువ్వు పోతే పిల్ల రెప్ప ఎవలు పీకుతరు? నీదే కదా మంచి చెయ్యి."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె బకెట్ బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని అడిగింది: "కోదాడకు పోతున్నవంట గద. ఇప్పుడు ఎవలు పీకుతరు?"

నా బరువు దించుకోవాలని వెళ్లాను గాని, ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రం ప్రయాణం మానుకున్నాను. మర్నాడు సరితను పిలిపించి, కొత్త నర్సుకు ఆ పని చూపించి, దగ్గరుండి చేయించాను. కేసు షీటులో పాత వాక్యం కొట్టేసి అసలు కారణం రాసి, సంతకం చేసి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, యాదమ్మను వార్డుకు రమ్మన్నారు. అయిదేళ్లలో మోకాళ్లు పట్టేశాయి, రోగులను నడిపించలేనని ఆమె రాలేదు.

తర్వాత కోదాడలో ఎందరో నర్సులకు కత్తెర పట్టడం నేర్పాను. థియేటర్ కత్తెర థియేటర్ పనికి తప్ప వాడకూడదని, నానబెట్టే సమయంలో ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదని చెప్పాను. వాళ్లకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఒక పొరపాటుకు కారణం అడిగినప్పుడు ముందుగా మాట్లాడాల్సింది ఉద్యోగం పోతుందన్న భయం లేనివాళ్లు. ఆ రోజు ఆ గదిలో తప్పు చేసిందీ నేనే, ఆ భయం లేనిదీ నేనే.