పులివెందులకు కుడిచెవి ప్రయాణం

జలుబు తగ్గి నెలైనా నా కుడిచెవి తెరుచుకోలేదు. నీళ్లలో మునిగి వింటున్నట్టుండేది. ప్రొద్దుటూరులో మాది చీరల అంగడి. గుమాస్తా చీరలు పరుస్తుంటే నేను అటు తిరిగి మడతలు పెడుతూ, ఆలుమగలు గుసగుసగా చెప్పుకునేది వింటాను. ఎంతదాకా పెట్టగలరో అక్కడే తెలిసిపోతుంది. మా నాయన నేర్పిన వ్యాపారమంతా ఆ చెవిలోనే ఉంది. నెలగా అది పోయింది. పైగా నేను ధర చెప్పగానే జనం మొహమొహాలు చూసుకొని లేచిపోతున్నారు. ఇంటా బయటా అందరూ నా దగ్గర గొంతు తగ్గించి, ఏదో దాస్తున్నారని అనుమానం పట్టుకుంది.

ఒక అంగడిలో చెవికి మిషన్ పెట్టుకోమన్నారు. అమ్మేవాడు రోగం పేరు చెబితే నేను నమ్మను, నేనూ అమ్మేవాణ్ణే. మిషన్లు అమ్మని చెవి డాక్టరమ్మ పులివెందులలో ఉందని విని బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు జమ్మలమడుగు బస్సెక్కాను. ఆ వేళకు నేరుగా పోయే బస్సు లేదు. మంచి చెవి లోపలికి ఉండేట్టు కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు ఊరి పేరు మూడుసార్లు చెప్పించుకున్నాడు. నా మాట నా తలలో ఇత్తడి గుండిగ కొట్టినట్టు మోగుతుంటే ఈయనకు వినపడదా? చిల్లర ఎగ్గొట్టే ఎత్తనుకొని చేయి చాపే ఉంచాను. ఇచ్చాడు.

జమ్మలమడుగు బస్టాండులో ఇడ్లీ తిని, జామకాయలమ్మను కిలో నలభైకి అడిగాను.

"ఏంది మామా, దొంగసరుకు బేరం చేస్తాండావా? నోరు తెరిచి అడుగు" అంది.

తక్కువ ధర వినపడనట్టు నటించడం నేను పదేళ్లప్పుడే నేర్చిన విద్య. నా దగ్గరే నా విద్యా అనుకొని, ఆమెను ఎగాదిగా చూసి, కొనకుండా పులివెందుల బస్సెక్కాను.

ముద్దనూరు ఘాట్ రోడ్డులో చెవి ఇంకా బిగుసుకుంది. పక్కన కూర్చున్న సింహాద్రిపురం రైతు యాడికని అడిగితే, డాక్టరు దగ్గరికన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, నా ఎడమచెవి దగ్గరికి వంగాడు.

"నేనెవరికీ చెప్పన్లేప్పా."

ఏం చెప్పడు? ఎవరికి? పులివెందుల వచ్చేదాకా అదే ఆలోచన.

పదికి ఆసుపత్రి. ఫీజు మూడు వందలు. డాక్టరమ్మ ముందు ముక్కులో లైటు వేసింది. రోగం చెవిలో ఉంటే ముక్కు చూడటమేంటో. తర్వాత రెండు కొమ్ముల ఇనుప కడ్డీని మోగించి నా నుదుటిమీద పెట్టి, ఏ చెవిలో గట్టిగా వినపడుతోందంది. మూసుకుపోయిన చెవిలోనే వినపడింది! ఇందులో మోసముందనుకొని, ఎడమచెవి అని చెప్పాను.

ఆమె మొహం మారింది. "ఎడమవైపైతే కుడిచెవి నరం దెబ్బతిన్నట్టు. ఇంకోసారి చూసి చెప్పండి. ఈడ బేరమేం లేదు."

 కుడిచెవేనని ఒప్పుకున్నాను. అప్పుడామె నవ్వింది. సైనస్ వాచి, ముక్కు వెనకనుంచి చెవికి గాలి పోయే సన్నటి గొట్టం మూసుకుపోయిందట. నరం బాగుంది, ఇప్పుడు మిషన్ అక్కర్లేదు. ముక్కులో కొట్టుకునే మందు రాసి, రెండు వారాలకు రమ్మంది. ముక్కే చూశారు కాబట్టి ఫీజులో ఏమైనా తగ్గుతుందా అని అడిగాను.

"ఇంకొంచెం గట్టిగా మాట్లాడండి. మీ గొంతు మీకే పెద్దగా మోగి, మీరు తగ్గించి మాట్లాడతాండారు. సగం మాటలు నాకే వినపడ్లా."

ఫీజు తగ్గలేదు. రెండింటి బస్సులో కూర్చొని నెల రోజులూ నెమరేసుకున్నాను. ఊరంతా నాతో గుసగుసలాడుతోందనుకున్నాను, ఆడింది నేను. నాలుగు వందల చీర ధరను దొంగబంగారం చెప్పినట్టు చెబితే ఎవరు కొంటారు?

జమ్మలమడుగులో బస్సు మారి, మళ్లీ కుడి కిటికీ పక్కన కూర్చున్నాను. పొద్దున్నటి జామకాయలమ్మ కిటికీ కిందికొచ్చింది. నాకే సిగ్గేసేంత గట్టిగా అడిగాను. యాభై అంది. మారుమాట లేకుండా తీసుకొని ఒక కాయ కొరికి మింగాను. చెవిలో టప్‌మంది. కిటికీ కింద ఆమె పక్కనున్న పూలామెతో గొంతు తగ్గించి చెబుతోంది:

"నలభైకే ఇచ్చేదాన్ని. పొద్దున నన్ను దొంగను జూసినట్టు జూసినాడని పది ఎక్కువ జెప్పినా."

అంతే, చెవి మళ్లీ మూసుకుంది. బస్సు కదిలింది. ఆ పది రూపాయలు నేను తిరిగి అడగలేదు. నెల తర్వాత నా కుడిచెవిలో పడిన మొదటి గుసగుస అది, ధర కూడా సరిగ్గా పట్టుకొచ్చింది.