కొమురమ్మ, రబ్బరు రోగి

సూర్యాపేటలో మా ట్రైనింగ్ గదిలో ఆయుధపూజ అయిన మర్నాడు పొద్దున, ఎండోస్కోపీ నేర్పే బొమ్మ గొంతులో నా గొట్టం ఆగిపోయింది. బొమ్మ మూలిగింది. నేను సారీ చెప్పాను.

బొమ్మ రబ్బరుదే. గట్టిగా నెడితే మూలిగేలా తయారుచేశారు. ఆ మూలుగు విని కుంటుతూనే పరుగెత్తుకొచ్చేది మాత్రం ఆయా కొమురమ్మ. గరిడేపల్లిలో గొర్లు కాసే ఇంట్లో పుట్టి, దవాఖానాలో చేరి, సగం జీవితం ఎండోస్కోపీ బల్ల పక్కనే గడిపింది. గొట్టం మింగలేక కళ్లు తేలేసే రోగుల నుదురు నిమురుతూ "అయిపాయె బిడ్డా, ఇంగ జరంతే" అనడం ఆమె పని. మోకాళ్లు అరిగాక ఈ గదికి మార్చారు. ఇక్కడ బొమ్మ నుదురు నిమురుతోంది.

"మెల్లగ డాక్టరమ్మా! గొర్రెపిల్లకు మందు తాపుతున్నవా?" అని నన్ను కసిరింది.

ఆ రోజు బొమ్మ మీద పాసైతేనే నన్ను మనిషి మీద చెయ్యి వెయ్యనిస్తారు. లేకపోతే మళ్లీ బ్యాచ్ దాకా ఆగాలి. మిర్యాలగూడలో మా దవాఖానాకు వచ్చిన కొత్త ఎండోస్కోపు, వాడేవాళ్లు లేక దుప్పటి కప్పుకుని పడుకుంది. నలభై దాటాక నేర్చుకోవడానికి వచ్చిన నన్ను చూసి కుర్ర డాక్టర్లు గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నారు.

నేర్పే ప్రభాకర్ సారుది కోదాడ.

"బలం చూపించకండి మేడం, దారి వెతకండి."

"దారి మూసుకుంది సర్."

"దారెందుకు మూసుకుంటుందండీ? మీ మణికట్టే తిరగట్లేదు."

తిప్పాను. బొమ్మ మూలిగింది. కొమురమ్మ నిమిరింది. సారు మార్కులు కోశారు. ఇంకోసారి తిప్పాను. మళ్లీ అదే తంతు.

ఓపిక చచ్చి, గొట్టం బయటికి లాగి, ఫోన్ లైటు వేసి బొమ్మ నోట్లోకి చూశాను. పట్టకారు పెట్టి లోపలున్నదాన్ని తీసి సారు బల్ల మీద పెట్టాను. కొబ్బరి ముక్క. దానికి కొంచెం కుంకుమ కూడా అంటుకుని ఉంది.

సారు దాన్నే చూస్తూ, "మొదటి నుంచి చెయ్యండి" అన్నారు. ఈసారి గొట్టం సాఫీగా జారింది. బొమ్మ కిక్కురుమనలేదు. పాసని సంతకం పెట్టి, సారు కొమురమ్మ వైపు తిరిగారు.

"పరీక్షకు పరగడుపున రావాలని రోగులందరికీ నువ్వే చెప్తావు కదా కొమురమ్మా, మరి దీని నోట్లో ఆ కొబ్బరేంటి?"

"పెట్టింది నిన్న గదా సారూ, పొద్దుగాల సంది దానికి చాయ్ సుక్క గూడ పొయ్యలే!"