గడీ ముందు ఆపని మేళం

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అవి నైజాం పాలన చివరి రోజులు. సూర్యాపేటలో మాది చిన్న బ్యాండు మేళం. నేను క్లారినెట్ వాయించేవాణ్ణి, మేళానికి పెద్దను కూడా. మిర్యాలగూడ దారిలో ఒక ఊరి దొర, పై అధికారి వస్తున్నాడని మమ్మల్ని పిలిపించాడు. రోడ్డు మీది నుంచి దొర ఉండే గడీ దాకా మా పెద్ద డోలును మోసుకొచ్చింది మల్లయ్య అనే రైతు. వెట్టి పని. డోలు దింపాక, విత్తనాల అదును దాటిపోతుందంటూ పొలానికి బయల్దేరాడు. దొర మనుషులు అతన్ని గడీ వెనక కొట్టంలోకి ఈడ్చుకుపోయారు.

అంతలో అధికారి మోటారు వచ్చింది. మేము మొదలుపెట్టాం. పాట మధ్యలో ఒక అరుపు. మళ్లీ ఇంకొకటి. దొర గుమాస్తా నా పక్కకొచ్చి, "ఆపకుర్రి. జర గట్టిగ కొట్టుర్రి" అన్నాడు. నేను డోలు వాయించేవాడి వైపు చెయ్యెత్తాను. డోలు మోగింది. ఇక అరుపు వినపడలేదు.

ఎందుకెత్తాను? భయంతోనా? ఆ అరుపు నా చెవిన పడకూడదనా? లేక, చెప్పడానికి సిగ్గుగా ఉంది, పాట చెడిపోతోందనా? ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

మూడో రోజు మల్లయ్య చనిపోయాడు. కొట్టం కప్పు మీది నుంచి పడ్డాడన్నారు. సర్కారు మారాక విచారణ జరిగింది. దొర అప్పటికే ఊరు విడిచి పారిపోయాడు. నేను భయపడాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అయినా విచారణకొచ్చిన అధికారి అడిగితే ఏమీ వినలేదని చెప్పాను. ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. విన్నానంటే, మరి చెయ్యెందుకెత్తావని అడుగుతారనేమో.

బయటికొస్తుంటే మల్లయ్య భార్య ఎల్లమ్మ అడ్డమొచ్చింది.

"అన్నా, గంత దగ్గర్నే ఉంటివి గదా. ఏం ఇనపడలే?"

"బ్యాండు మోతల ఏం ఇనపడలేదమ్మా."

"ఎవర్నన్న పిలిసిండా? గదొక్కటి చెప్పు."

తల అడ్డంగా ఊపాను. ఆమె చాలాసేపు నా ముఖంలోకే చూసింది, నా చెవులు నిజంగానే పనిచెయ్యవేమో అన్నట్టు. తర్వాత దారి వదిలింది.

మేళం మానేసి కోదాడ చేరాను. ఎల్లమ్మ పోయిందని అక్కడే తెలిసింది. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీనివల్ల ఎవరికేం మేలో తెలియదు.

విన్నాను. "ఎల్లీ" అని పిలిచాడు. రెండుసార్లు.