సారు లేని షాపు

రోజారాణి గురించి రాయాలంటే ముందు నా పరువు నేనే తీసుకోవాలి. ఆమె కథలో నేను రెండు చోట్ల కనిపిస్తాను. రెండు చోట్లా తల దించుకునే ఉంటాను.

మొదటిది 2004 వానాకాలం చివర్లో. అప్పుడు నేను మేడ్చల్‌లో పరమేష్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పరమేష్ వాళ్లకు శామీర్‌పేట వైపు తాతల నాటి భూములున్నాయి. ఆ భూముల్లో జొన్న పోయి ద్రాక్ష వచ్చింది, ద్రాక్ష పోయి ప్లాట్లు వచ్చాయి. దస్తావేజులు రాయడం, లేఅవుట్ బొమ్మలు భద్రంగా చూసుకోవడం నా ఉద్యోగం. ఆ బొమ్మలన్నీ ఒక ముసలి లాప్‌టాప్‌లో ఉండేవి. 1998లో కొన్నది. ఇటుకంత మందం, సంచిలో వేసుకుంటే భుజం ఒక పక్కకు వంగిపోయేది. బొమ్మలు గీసే ప్రోగ్రాము అందులో తప్ప ఇంకెందులోనూ తెరుచుకునేది కాదు కనుక పరమేష్ దాన్ని పారేయలేక, "మా పెద్దమనిషి" అని పిలిచేవాడు.

ఒక పొద్దున పెద్దమనిషి లేవలేదు. లోపల ఎవరో గోటితో తట్టినట్టు టిక్కు టిక్కుమంటోంది. సికింద్రాబాద్‌లో ఒక అద్దాల షాపుకు తీసుకుపోతే అక్కడి కుర్రాడు మూత కూడా తీయకుండా, "మ్యూజియంలో ఇచ్చెయ్యండి అంకుల్" అన్నాడు. అంకుల్ అన్నందుకు నాకు ఇంకా కోపం ఉంది.

మచ్చ బొల్లారంలో మా పక్కింటివాళ్లు చెప్పారు, మేడ్చల్ బస్టాండు వెనక పరమేష్ వాళ్ల కాంప్లెక్సులోనే చివరి షట్టర్లో పాత లాప్‌టాప్‌లు బాగుచేస్తారని. మా సొంత కాంప్లెక్సు సంగతి నాకు బొల్లారంలో తెలిసింది. వెళ్లాను. బోర్డు లేదు. లోపల ముప్పై ఐదేళ్ల ఆమె, జారుముడి, చేతిలో మెత్తటి బ్రష్షు.

"సార్ లేరా అమ్మా?"

ఆమె నన్నొకసారి చూసి, "కూసోండ్రి" అంది.

కూర్చున్నాను. గంట గడిచింది. ఆ గంటలో ఆమె రెండు లాప్‌టాప్‌లు విప్పింది, ఒకదానిలోంచి తీసింది ఇంకోదానిలో పెట్టింది, మళ్లీ బిగించింది, రెండూ వెలిగాయి. వచ్చినవాళ్లు తీసుకుపోయారు. ఆమె దుమ్ము దులుపుతోందనుకున్నాను నేను. నిజంగానే అలా అనుకున్నాను. చివరికి ఓపిక పోయి అడిగాను.

"సార్ ఎప్పుడొస్తారు?"

"ఏ సారు?"

"రిపేరు చేసే సారు."

"గాయన ఇంక పుట్టలే. సంచి ఇటియ్యండ్రి."

అలా పరిచయమైంది రోజారాణి.

పెద్దమనిషిని బల్ల మీద పెట్టి, అడుగున రెండు మరలు తీసి, అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత డిస్కును బయటికి లాగింది. దాన్ని ఒక తీగతో తన కంప్యూటరుకు తగిలించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన డిస్కు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"ఏం వినిపిస్తోంది?" అన్నాను.

"మీరే వినవడ్తున్నరు. జర సప్పుడు చేయకుండ్రి."

ఆ విద్య కంప్యూటరు పుస్తకాల్లోది కాదు. వాళ్ల నాయిన అంజయ్యది. గౌడవెల్లిలో బోరు మోటార్లు బాగుచేసేవాడు. బేరింగు అరిగిందో లేదో అలాగే చెవితో పట్టేవాడు. బిడ్డ పదో తరగతి పాసై మేడ్చల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో రాగితీగ చుట్టే పనికి కుదిరింది. పన్నెండేళ్ల తరువాత ఫ్యాక్టరీకి తాళం పడింది. అప్పుడు సికింద్రాబాద్‌లో చలపతిరావు అనే ఆయన కంప్యూటర్ల రిపేరు షాపులో ఊడ్చి తుడిచే పనికి చేరింది. ఎనిమిది నెలలు ఊడ్చింది. ఒకరోజు ఆయన పనికిరాదని మూలకు పడేసిన లాప్‌టాప్ బల్ల మీద వెలుగుతూ కనిపించింది.

"నిన్నెవరు ముట్టమన్నారు?" అని చలపతిరావు.

"ముట్టొద్దని ఎవరు సెప్పిండ్రు సార్?" అని రోజారాణి.

ఆ మాటకు ఆయన చీపురు ఇంకొకరికి ఇచ్చి, స్క్రూడ్రైవరు ఈమెకిచ్చాడు. మూడేళ్లకు మేడ్చల్‌లో ఈ షట్టరు తీసుకుంది.

మా డిస్కు విని ఆమె తల అడ్డంగా ఊపింది. "ముల్లు పల్లెం మీద కొట్టుకుంటాంది. పోయేటట్టే ఉంది కని, పోలే. ఉన్నయన్ని తీసి వెడ్త."

"కొత్త డిస్కు కొనుక్కొస్తాను. నలభై జీబీది."

"గంత పెద్దది పెడ్తె గీ ముసలిదానికి లెక్క రాదు, గుర్తువట్టది. దీని ఈడుదే దొర్కాలె."

రెండు రోజులు అదే పని మీద ఉండి బొమ్మలన్నీ తీసింది. పాత సామాను కుప్పల్లో వెతికి, చచ్చిపోయిన మరో లాప్‌టాప్‌లోంచి నాలుగు జీబీ డిస్కు తెచ్చి పెట్టింది. మూడు వందల పన్నెండు ప్లాట్లు గీత చెదరకుండా తెర మీదికి వచ్చాయి. పరమేష్ సంబరపడి ఆఫీసులో కొబ్బరికాయ కొట్టాడు.

"కొత్త పాణం వచ్చింది సారు. ఉత్తగ వెడ్తమా, దేవుణ్ణి వెట్టుండ్రి" అన్నాడు.

నా సొరుగులో ఒక నంది ఉంది. శివరాత్రికి కీసర జాతరలో కొన్నాను. బొటనవేలంత ఇత్తడి రంగు నంది, కార్లలో ముందు అద్దం దగ్గర పెట్టుకునే రకం. నాకు కారు లేదు. స్కూటరు మీద నిలబడలేదు. ఇన్నాళ్లకు దానికో చోటు దొరికిందని, కీబోర్డు కింద ఎడమచెయ్యి ఆనించే జాగాలో ప్రతిష్ఠించాను.

మర్నాడు పొద్దున తుడిచి, అగరుబత్తి వెలిగించి, మిషన్ లేపి, తెర వచ్చాక నందిని కూర్చోబెట్టి పువ్వు పెట్టాను. టక్కుమంది. తెర నల్లబడింది. డిస్కు తిరగడం ఆగిపోయింది.

నందిని కళ్లకద్దుకుని సొరుగులో పెట్టి (రిపేరు షాపుకు దేవుణ్ణి తీసుకుపోతామా?) రోజారాణి దగ్గరికి పరుగెత్తాను. అక్కడ పెద్దమనిషి బుద్ధిగా గంటసేపు వెలిగాడు. ఆఫీసుకు తెచ్చాను. నందిని పెట్టాను. టక్కు. మళ్లీ షాపు, మళ్లీ వెలుగు. మూడోసారి ఆమె తన దగ్గరున్న ఇంకో డిస్కు కూడా మార్చింది. ఆఫీసులో మళ్లీ టక్కు.

మూడోసారికి పరమేష్‌కు తిక్క లేచింది. కాంప్లెక్సు ముందు పదిమందిలో అన్నాడు. "మన షట్టర్ల కూసోని మనకే కరాబు డిస్కులు వెడ్తాంది. దసరాకు ఖాళీ చేయమనుండ్రి. సెల్‌ఫోన్ల షాపాయన అడుగుతనే ఉండు."

యజమాని ఒక మెట్టు ఎక్కితే గుమాస్తా రెండు ఎక్కాలి కదా. కాంప్లెక్సు పక్కన జయమ్మ హోటల్లో చాయ్ తాగుతూ నేను నలుగురికి వినపడేలా, "ఆడామె స్క్రూడ్రైవరు పడితే అంతే మరి" అన్నాను. నలుగురూ నవ్వారు. జయమ్మ నవ్వలేదు. ఆ మాట చాయ్ గ్లాసు చల్లారేలోపు చివరి షట్టరు చేరింది.

తరువాతి వారంలో రోజారాణి దగ్గర పెట్టిన లాప్‌టాప్ సంచుల్లో నాలుగు, బాగుకాకముందే వెనక్కి పోయాయి. దసరాకు ఇరవై రోజులుంది. బస్టాండు దగ్గర అలాంటి షట్టరు ఆమెకు మళ్లీ దొరకదు. దొరికినా, పేరు పోయిన షాపుకు ఎవరొస్తారు?

ఏడుస్తూ వస్తుందనుకున్నాను. ఒక సోమవారం పొద్దున, స్క్రూడ్రైవరు కొంగున చుట్టుకుని ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"పరమేషన్నా, షట్టరు మీది. ఖాళీ చెయ్యమంటె చేస్త. కని డిస్కు కరాబన్న పేరు మీదేస్కోని మాత్రం పోను. డిస్కు మంచిగుంది."

"మంచిగుంటె ఎందుకాగుతాంది?"

"గదే సూడనీకి వచ్చిన. సారూ, రోజు ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యండ్రి. నేను లేననుకోండ్రి."

ఆమె లేదనుకోవడం నా వల్ల కాలేదు. అగరుబత్తి రెండుసార్లు ఆరిపోయింది. తుడిచాను, వెలిగించాను, మిషన్ లేపాను, నందిని పెట్టాను, పువ్వు పెట్టాను. టక్కు.

"సూసినవా?" అన్నాడు పరమేష్, గెలిచినట్టు.

"సూసిన. మల్ల చెయ్యండ్రి సారు. గీసారి అగరుబత్తి వద్దు."

పొగ లేకుండా చేశాను. టక్కు.

"గీసారి పువ్వు వద్దు."

టక్కు.

"గీసారి దేవుడు వద్దు."

నా చెయ్యి గాల్లోనే ఆగింది. పరమేష్ కుర్చీలో ముందుకు జరిగాడు. "దేవుడు వద్దా?"

"పది నిమిషాలన్నా. కోపం చేసుకోడు."

పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. పెద్దమనిషి హాయిగా తిరుగుతూనే ఉన్నాడు. రోజారాణి నందిని తీసి, కళ్లకద్దుకుని, తలకిందులు చేసింది. అడుగున నల్లటి బిళ్ల. స్క్రూడ్రైవరు దానికి తాకించి వదిలేసింది. స్క్రూడ్రైవరు నందిని పట్టుకుని వేలాడింది.

"అయస్కాంతం. కార్ల రేకుకు అతుక్కోనీకి వెడ్తరు. మన మిషన్ మూతల గూడ గిసొంటిది సన్నది ఒకటుంటది. మూత వేస్తె గది కిందికి దిగుతది. కింద ఓ స్విచ్చుంటది, దానికి అయస్కాంతం తెలుస్తది. మూత వడ్డదనుకోని మిషన్ను పండవెడ్తది. సారు నందిని సరిగ్గ గా స్విచ్చు నెత్తి మీద కూసోవెట్టిండు. డిస్కు ఆగుతలేదు అన్నా, పండుకుంటాంది."

చూపించింది కూడా. నంది పెడితే నిద్ర, తీసి మీట నొక్కితే మెలకువ. మూడుసార్లు. నాలుగోసారి పరమేష్ తనే చేసి చూసుకుని నావైపు తిరిగాడు.

"నంది ఎవరిది సారు?"

"కీసరది" అన్నాను.

పరమేష్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, చెయ్యి ఊపి, "సరే రోజమ్మా, షట్టరు నువ్వే ఉంచుకో. ఇగ పో" అన్నాడు.

ఆమె కదల్లేదు.

"ఉంచుకో, ఇగ పో అంటె పోను అన్నా. ఖాళీ చెయ్యాలన్న ముచ్చట మీరు ఇంట్ల అనలే, పదిమందిల అన్నరు. సారు హోటల్ల అన్నడు. యాడ అన్నరో ఆడనే వాపస్ తీస్కోవాలె. లేకుంటె దసరా దాంక ఎందుకు, రేపే ఖాళీ చేస్త. గా బొమ్మలు మల్ల పోతె సెల్‌ఫోన్లాయనను అడుగుండ్రి."

పరమేష్ నవ్వు ఆగిపోయింది. నేను దస్తావేజులు రాసేవాణ్ణి కదా, నాకు తోచిన ఉపాయం చెప్పాను. "కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తాను."

"కాగితాలు మీ ఆఫీసుల మస్తున్నయి సారు. నాకు హోటల్నే కావాలె."

మర్నాడు తొమ్మిదింటికి, చాయ్‌లకు గిరాకీ బాగా ఉన్న వేళ, జయమ్మ హోటల్లో నిలబడ్డాను. నేను తల దించుకున్న రెండో చోటు ఇదే. పక్కన పరమేష్, చేతులు కట్టుకుని. గుమ్మం దగ్గర రోజారాణి.

"డిస్కు బాగుంది" అన్నాను.

ఎవరూ తల ఎత్తలేదు.

"గట్టిగ సారు" అంది జయమ్మ పొయ్యి దగ్గరి నుంచి. "ఆ పొద్దు మస్తు గట్టిగ అంటిరి గదా."

"రోజారాణి పెట్టిన డిస్కు బాగుంది. ఆమె పనిలో తప్పు లేదు. తప్పు నాది. నందిని నేను పెట్టాను."

ఇప్పుడు అందరూ తల ఎత్తారు. "నందిని యాడ వెట్టిండ్రు సారు?" అన్నాడొకడు. అది విడమర్చి చెప్పేసరికి మూడు చాయ్‌లు అయ్యాయి. మూడోసారి మొత్తం మొదటి నుంచి చెప్పించినవాడు బస్సు కండక్టరు. మధ్యలో పరమేష్ గొంతు సవరించుకుని, "షట్టరు రోజమ్మదే. నేనన్నది వాపస్" అన్నాడు, వీలైనంత పొట్టిగా. రోజారాణి తల ఊపి, తన చాయ్ తాగి, గ్లాసు పెట్టి పోయి షట్టరు లేపింది. దసరా నాటికి పోయిన నాలుగు సంచుల్లో మూడు తిరిగొచ్చాయి. నాకు మాత్రం మేడ్చల్ బస్టాండులో నందిసారు అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ సాయంత్రం క్షమించమని అడగడానికి విడిగా షాపుకు వెళ్లాను. "అయిపాయె గద సారు, మల్లెందుకు?" అంది. మళ్లీ బ్రష్షు అందుకుంటూ, "గా నందిని నాకియ్యరాదుండ్రి. మూత స్విచ్చులు చెక్ చేసుకోనీకి పనికొస్తది" అంది. ఇచ్చేశాను.

ఇప్పటికీ ఆ షాపుకు బోర్డు లేదు. నంది ఆమె బల్ల చివర, గుమ్మం వైపు మొహం పెట్టి ఉంటాడు. బస్సు ఆలస్యమైనప్పుడు నేనూ వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుంటాను. వారానికొకడైనా సంచి పట్టుకుని వస్తాడు, లోపలికి తొంగి చూస్తాడు, అడుగుతాడు.

"సార్ లేరా?"

రోజారాణి తల ఎత్తదు. స్క్రూడ్రైవరుతో నందిని చూపిస్తుంది. "గాయనే. కూసోండ్రి."

అతను నందిని చూస్తాడు, నన్ను చూస్తాడు, వచ్చి నా పక్కన కూర్చుంటాడు. రిపేరు చేసేది ఎవరో నాకు తెలుసు. అయినా గంట దాకా నోరు విప్పను.