పచ్చబండి నడిపిన మా అత్త

మా మేనత్త పోయింది. ఆదివారం పొద్దున చర్చికి పోవడానికి చీర కట్టుకుని, కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగిందట. పక్కింటావిడ వచ్చి పిలిస్తే పలకలేదు. ఫోను వచ్చేసరికి నేను స్నానం చేసి తల తుడుచుకుంటున్నాను. "నర్సమ్మ లేవడంల్యా" అంది అవతలి గొంతు. ఆ మాటకు అర్థమేమిటో తెలిసి కూడా, "బాగా నిద్ర పట్టిందేమో చూడండి" అన్నాను.

ఆమె మా నాయనకు అక్క. పెళ్లి చేసుకోలేదు. బళ్లారిలోని పాత మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. సంగనకల్లు చుట్టుపక్కల ఊళ్లలో కాస్త వయసున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, నేను పేరు చెప్పకపోయినా గుర్తుపడతారు. ఆడవాళ్లు సైకిలు తొక్కితేనే వింతగా చూసే రోజుల్లో, ఆకుపచ్చ పికప్ బండి నడుపుకుంటూ వాళ్ల ఊరికి కాన్పులు చేయడానికి వచ్చిన మనిషి ఆమే.

ఆ బండి అమెరికా నుంచి ఓడలో వచ్చింది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో ఎంతమందైనా సర్దుకుంటారు. గుండ్రటి ముక్కు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. ఒక వానాకాలం డ్రైవరు జ్వరంతో పడకేస్తే, ఆసుపత్రి నడిపే తెల్లదొరసాని, అందరూ డాక్టరమ్మ అనే ఆమె, మా అత్తను పిలిచి సీట్లో కూర్చోబెట్టి నేర్పిందట. మా తాత పోయి గొడవ పడ్డాడు. "ఆడపిల్లకు బండి యాలమ్మా?" అన్నాడు. "కాన్పుకు పిలిచినోళ్లు డ్రైవరు కోలుకునేదాకా ఆగుతారా?" అని ఆమె తిరిగి అడిగిందట. డాక్టరమ్మ తెలుగు అంత బాగుండేదని మా అత్త ఎప్పుడూ మురిసిపోయేది.

తర్వాత డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయింది. కొన్నేళ్లకు ఆసుపత్రీ మూతపడింది. బండిని మా అత్తకు ఇచ్చేశారు. ఆమె దాన్ని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి, పెట్రోలు తీసేసి, చక్రాలు నేలకు ఆనకుండా నాలుగు మొద్దుల మీద నిలబెట్టి, పైన టార్పాలిను కప్పింది. నెలకొకసారి అది తీసి, పాత చీర ముక్కతో బండి అంతా తుడిచేది. ఎలుకలు చేరకుండా సీట్ల కింద వేపాకు పెట్టేది. మా ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం. నడవని బండికి స్నానమెందుకని.

ఇంతలో గనుల కాలం వచ్చింది. ఇనుప రాయికి గిరాకీ పెరిగి, బళ్లారి ఊరే మారిపోయింది. రోడ్డు మీద లారీ వెనక లారీ. ఎర్రదుమ్ము ఆరేసిన బట్టల మీద, అన్నం మీద, చెట్ల ఆకుల మీద. నేను ఊరి చివర లారీల సామాన్ల అంగడి పెట్టుకున్నాను. జీపు ఉన్నవాడు జీపును, ఆటో ఉన్నవాడు ఆటోను గనుల పనికి తిప్పుకున్నాడు. మామూలు మనిషికి బాడుగ బండి దొరకడం గగనమైపోయింది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా అత్త నా అంగడికి నడుచుకుంటూ వచ్చింది. చీర అంచుకు నెత్తురు మరకలున్నాయి. నేను అదిరిపోయి లేచాను.

"నాది కాదులేరా. నీళ్లియ్యి" అంది.

నీళ్లు తాగాక చెప్పింది. సంగనకల్లు అవతల ఒక ఊళ్లో ఈరమ్మ అనే అమ్మాయికి నొప్పులు మొదలైతే ఒక్క బండీ దొరకలేదు. ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి తెస్తుంటే, మా అత్త ఇంటికి కాస్త దూరంలో లారీల వరసలో ఇరుక్కుపోయారు. ఎవరో పరుగున వచ్చి ఈమెను పిలిచారు. చుట్టూ ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుంటే, ఆ ట్రాలీలోనే కాన్పు చేసింది. మగపిల్లాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు.

"పుట్టినోడి మొగం మీద పడింది మొట్టమొదల ఆ ఎర్రదుమ్మేరా. నేను తుడిస్తే మల్లా పడతాండాది" అంది. గ్లాసు కింద పెట్టి, "బండి లేపాల" అంది.

"ఏ బండి అత్తా?"

"నాకు ఇంగో బండి యాడుండాది?"

బళ్లారి బ్రూస్‌పేటలో ఒక పాత మెకానిక్ ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన్ను పిలుచుకుని వచ్చాను. మా అత్త టార్పాలిను లాగేసింది. అన్నేళ్ల తర్వాత బండిని వెలుతురులో చూసి నేనే నమ్మలేకపోయాను. రంగు వెలిసింది కానీ ఎక్కడా తుప్పు లేదు. సీటు గుడ్డ కూడా చిరగలేదు. ఉస్తాద్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "అసల్ మాల్ అమ్మా ఇది. ఒక్క నట్టు గూడ బయటిది కాదు" అన్నాడు గొంతు తగ్గించి. మా అత్త బానెట్టు మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద ఆనించినట్టు. ఎప్పుడు బండి తీసినా ముందు అలా చెయ్యి పెట్టేది. అది నర్సు చెయ్యి, దానికి వేరే అలవాటు లేదు.

అక్కడినుంచి మా ముగ్గురికీ వాదన మొదలైంది. నేను లారీ సామాన్లు అమ్మేవాణ్ణి కాబట్టి నాకు అన్నీ మార్చేయాలని ఉండేది. పెట్రోలు తాగే ఆ ఇంజను తీసేసి డీజిలు ఇంజను పెడదాం, పవర్ స్టీరింగు వేద్దాం, మెరిసే రంగు కొట్టిద్దాం అన్నాను. ఉస్తాద్ నన్ను మసీదులో చెప్పులేసుకుని నడిచినవాణ్ణి చూసినట్టు చూశాడు. మా అత్త ఆయన వైపే నిలబడింది.

"ఉండేది ఉండినట్లే లేపల్ల. డాక్టరమ్మ కూర్చోబెట్టి నేర్పిన బండి ఇది" అంది.

"కనీసం రంగన్నా కొట్టిద్దాం అత్తా."

"నాకూ వయసయ్యింది. నా మొగానికి గూడ కొట్టిస్తావా?"

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ఉస్తాద్ ప్లగ్గులు విప్పి, లోపల నూనె పోసి, కొన్నాళ్లు నానబెట్టాడు. తర్వాత రోజూ కొంచెం కొంచెంగా చేత్తో తిప్పుతూ వచ్చాడు. పెట్రోలు ట్యాంకు కడిగాడు, కార్బొరేటరు విప్పి ప్రతి ముక్కా శుభ్రం చేశాడు. ఒక సాయంత్రం ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అదే గొంతు" అంది.

ఈ కబురు ఊళ్లో పాకింది. గనుల కాంట్రాక్టరు ఒకాయన పెద్ద కారులో వెతుక్కుంటూ వచ్చాడు. మర్యాదగల మనిషే. బండి చుట్టూ తిరిగి చూసి, మా అత్తకు దండం పెట్టాడు.

"నర్సమ్మా, ఈ బండి నాకియ్యి. దీని బదులు కొత్త జీపు తెచ్చి నీ ఇంటి ముందర నిలబెడతా. ఒక్కటే మాట. దీంట్ల ఏమీ మార్చగూడదు. యెట్లుండాదో అట్లే కావల్ల."

"తీసకపోయి ఏం చేస్తావప్పా?"

"కొత్త బంగళా కట్టిస్తాండా. ముందర అద్దాల రూము చేసి దాంట్ల పెడతా."

"నడపవా?"

"నడిపితే పాడవుతాది గదమ్మా."

మా అత్త వెంటనే కాదనలేదు. ఆలోచించి చెప్తానంది. నేను రోజూ పోయి నచ్చజెప్పేవాణ్ణి. నీకు కావలసింది కాన్పు మనుషుల్ని తెచ్చే బండే కదా, కొత్త జీపయితే ఇంకా మంచిది కదా అని. అందులో న్యాయం ఉందని ఆమెకూ తెలుసు. కొన్ని రోజులు షెడ్డులోకి పోయి ఊరికే డ్రైవరు సీట్లో కూర్చుని వచ్చేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, రోడ్డు మీద ఒకసారి నడిపి చూద్దామని బయల్దేరాం. ఆమె స్టీరింగు దగ్గర, నేను పక్కన. ఇంత కాలం తర్వాత కూడా ఆమె చేతులు తడబడలేదు. పెద్దరోడ్డు ఎక్కాం. ముందు రాయి లారీ ఒకటి పోతోంది. అది ఉన్నట్టుండి ఆగింది. మా అత్త బ్రేకు తొక్కింది. పెడలు నేల దాకా దిగిపోయింది. బండి ఆగలేదు.

లారీ వెనక రాసిన అక్షరాలు నా కళ్లలోకి దూసుకొస్తున్నట్టు అనిపించింది. నేను ఏమని అరిచానో గుర్తులేదు. ఆమె అరవలేదు. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, స్టీరింగు మొత్తం ఎడమకు తిప్పింది. బండి రోడ్డు దిగి, కోసేసిన జొన్న చేలోకి దూకి, దుబ్బుల మీద ఎగిరెగిరి గట్టు దగ్గర నిలబడింది.

లారీ క్లీనరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, ఏమన్నా అయ్యిందా? రండమ్మా, దిగండి" అన్నాడు కంగారుగా. మా అత్త దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. మెల్లగా వెనక్కి తిరిగి, చిన్న కిటికీలోంచి ఖాళీ తొట్టిని చూసింది.

"ఎనక ఆడమనిషి పండుకోనుంటే?" అంది.

నేను దిగి, అవతలికి పోయి ఆమె తలుపు తీశాను.

ఉస్తాద్ వచ్చి విప్పి చూశాడు. బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టం పైకి కొత్తదానిలాగే ఉంది, లోపల అంతా చివికిపోయింది. ఆ పాత పద్ధతిలో ఒక్క చోట కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఆయన ముఖం వాడిపోయింది. "ఆ గొట్టం అసలుదే అని ముచ్చటపడి ఉంచినానమ్మా. మార్చి అదే రకం వేస్తా" అన్నాడు.

"అదే రకం బ్యాడ ఉస్తాద్. ఇప్పటి బండ్లకు వస్తాండే బ్రేకులు పెట్టు. ఒకటి పోతే ఇంగోటి పట్టుకునేవి. కూర్చునేవాళ్లకు బెల్టులు గూడ."

"అవి పెట్టల్లంటే లోపల ఇనుము కోసి వెల్డింగు చెయ్యల్ల. మల్లా ఇది అసల్ మాల్ కాదు. ఆ కాంట్రాక్టరాయప్ప ముట్టుకోడు."

మా అత్త స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "డాక్టరమ్మ ఉడకబెట్టి వాడే సూదులు తెచ్చింది. వాడి పారేసే కొత్త సూదులు వచ్చినప్పుడు, ముందు తెప్పించింది గూడ ఆమేనప్పా. పాతవి మంచివే, అయినా పక్కన పెట్టింది. మందు మారొచ్చు, చెయ్యి మారగూడదు. ఇంజను ముట్టొద్దు, రంగు ముట్టొద్దు. బ్రేకులు మాత్రం కొయ్యి."

ఉస్తాద్ ఆ చివికిన గొట్టాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. చివరికి, "మీరు చెప్తే కోస్తా. మీరు పక్కన నిలబడల్ల" అన్నాడు. ఆమె నిలబడింది. వెల్డింగు వెలుగు పడకుండా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అది అయిపోయేదాకా కదల్లేదు.

కాంట్రాక్టరుకు తనే కబురు పెట్టింది. ఆయన వచ్చి బండి కిందికి వంగి చూసి, "ఎంత పని చేస్తివమ్మా" అన్నాడు బాధగా. "కాఫీ తాగి పోప్పా" అంది. తాగి పోయాడు. నా కడుపు మాత్రం చాలా రోజులు మండింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ జీపు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి కూడా నాకు బుద్ధి పుట్టదు.

గనులు జోరుగా నడిచినన్నాళ్లూ ఆ పచ్చబండి ఆ దుమ్ములోనే తిరిగింది. నొప్పులు పడే ఆడవాళ్లను, పాము కరిచినవాళ్లను, పరీక్షలకు బస్సు తప్పిపోయిన పిల్లలను, క్రిస్మసుకు పాటలు పాడేవాళ్లను మోసింది. ఒకసారి సిరుగుప్ప దగ్గర కాలవ గట్టు ఊరి నుంచి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు ఇంటి కోడలిని తెస్తుంటే, ఆ పిల్ల నొప్పి తట్టుకోలేక ఏడుస్తోంది. మా అత్త బండి నడుపుతూనే, "ఏడువు తల్లీ, బాగా ఏడువు. నేనేమీ అనుకోను. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు" అంది. ఆ పిల్లకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఊరికే ఎవరూ పోనిచ్చేవారు కాదు. సీట్లో శనక్కాయలో, గోంగూర కట్టో పెట్టి పోయేవారు. అవి మా ఇంటికి వచ్చేవి.

చూపు మందగించడం మొదలయ్యాక, ఆమె ఈరమ్మను పిలిపించింది. ట్రాలీలో కాన్పయిన ఆ ఈరమ్మనే. "బండి నేర్చుకుంటావా?" అని అడిగిందట. ఈరమ్మ భయపడి, "నాకు యాడొస్తాదమ్మా" అంది. "పొయ్యి ముందర కూర్చోనేది వచ్చినోళ్లకు ఇదొక లెక్కా?" అని ఈమె సీట్లో కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, కనబడని రోడ్డును చెవులతోనే చూస్తూ, "గేరు మార్చు, గొంతు బరువైతాంది వినపళ్లేదా" అనేది. ఈరమ్మ నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజు మా అత్త వీధంతా మైసూరుపాకు పంచింది.

తర్వాత గనులు ఆగిపోయాయి. లారీలు తగ్గాయి. నా అంగడి కూడా చిన్నదైంది. చెట్ల ఆకులు మళ్లీ వాటి రంగుకు వచ్చాయి. మా అత్త అరుగు మీద కూర్చుని బండి రాకపోకలు వింటూ గడిపింది.

సోమవారం ఖననం. పాస్టరుగారు పచ్చబండికి పూలు కట్టి అందులోనే తీసుకుపోదామన్నారు. ఈరమ్మ ఒప్పుకోలేదు. "అమ్మ నాతో చెప్పింది సార్. పోయినోళ్లకు చర్చి వ్యాను ఉండాది, పచ్చబండి బతికినోళ్లకు అనింది" అంది. అలాగే చేశాం. ఆమె వ్యానులో వెళ్లింది. వెనక పచ్చబండిలో ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు వచ్చారు. ఉస్తాద్ ఇప్పుడు లేరు, ఆయన భార్య వచ్చింది.

మట్టి వేసి, పాట పాడి, ప్రార్థన చేసి బయటికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. నేను గేటు దగ్గర నిలబడిపోయాను. ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తొట్టిలోకి ఎక్కారు. ఎవరో చంటిబిడ్డను పైకి అందిస్తే, ఇంకెవరో ఒళ్లోకి తీసుకున్నారు. ఈరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంజను వేసింది. రోడ్డు మీద వడ్ల బస్తాల లారీ ఒకటి వస్తోంది. ఈరమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, కాస్త ఆగమన్నట్టు అరచెయ్యి చూపింది. లారీ ఆగింది. పచ్చబండి నిదానంగా రోడ్డెక్కి, ఊరి వైపు తిరిగింది.