జబ్బుపడి కోలుకున్న పంకాలు

ఎనభైల మొదట్లో ఢిల్లీలో ఎం.ఫిల్ చేసేవాళ్ళకి రెండు విషయాల్లో కొదవ ఉండేది కాదు: బస్సులో నిలబడే ఓపిక, లోకం మీద అనుమానం. మొదటిది అందరికీ ఉండేది. రెండోది మా గైడుగారి ధర్మమా అని నాకు కాస్త ఎక్కువే అబ్బింది. ఆయన నాకు ఏజెన్సీ సిద్ధాంతం అప్పగించారు. యజమాని ఒకచోట, అతని తరఫున పని నడిపేవాడు ఇంకోచోట ఉంటే, నడిపేవాడు తన మేలే చూసుకుంటాడు, కాబట్టి అతను చూపించే లాభాన్ని నమ్మేముందు తరచి చూడాలి. క్లుప్తంగా అదీ సంగతి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను దాన్ని ఎవరి మీద పడితే వాళ్ళ మీద ప్రయోగించాను. అప్పుడు ఆర్.కె. పురంలో పిన్నీ బాబాయిల క్వార్టర్లో ఉండేదాన్ని. బాబాయి సరోజినీ నగర్ నుంచి కూరలు తెస్తే, సంచీలోని పుచ్చు వంకాయలకీ ఆయన ఒంటిమీది కొత్త చొక్కాకీ ఉన్న సంబంధాన్ని పిన్నికి వివరించాను. "ఆ మాత్రం నాకు పెళ్ళైన మూణ్ణెల్లకే తెలుసే. దానికి యూనివర్సిటీ దాకా ఎందుకూ?" అంది పిన్ని.

సిద్ధాంతం రుజువు చెయ్యడానికి ఒక కంపెనీ కావాలి. బాబాయి స్నేహితుడొకాయన, కాకినాడ వైపు మనిషి, ఫరీదాబాద్‌లో పంకాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీకి మేనేజరు. నేను ఆయన్ని పంకాల మావయ్య అనేదాన్ని (ఎదురుగా కాదు). యజమాని లాలాజీ కరోల్ బాగ్‌లో ఉండి, ఏడాదికోసారి లాభమెంతో మాత్రం చూసుకునేవారు. మావయ్య పదేళ్ళ పుస్తకాలు నా ముందు పెట్టి, మధ్యాహ్నం తన డబ్బాలోంచి పప్పూ అన్నం సగం నాకు పెట్టి, "ఏం కావాలన్నా అడగమ్మా, మొహమాటపడకు" అనేవారు. నేను అడగలేదు. సిద్ధాంతం తెలిసినవాళ్ళు అడగరు, కనిపెడతారు. నెల్లాళ్ళలో కనిపెట్టాను కూడా. అమ్మకాలు ఎగిరినా పడినా లాభం మాత్రం ఏటా ఒకే తీరున ఉంది. అమ్మకాలు బాగున్న ఏడాది, గోదాములో కొన్ని పంకాలు పాడైపోయాయని రాసి లాభం తగ్గించేవారు. బాగోలేని ఏడాది, అవే పంకాలు బాగుపడ్డాయని రాసి పెంచేవారు. మంచి రోజుల్లో జబ్బుపడి చెడ్డ రోజుల్లో కోలుకునే పంకాలు లోకంలో ఇంకెక్కడా ఉండవు. లాభం నిలకడగా ఉందని యజమానిని మెప్పించి మేనేజరు తన జీతం పెంచుకోవడానికే ఇదంతా అని థీసిస్‌లో రాసేశాను.

కంపెనీ గుట్టు బయటపడకూడదని థీసిస్ నిండా ‘ఎక్స్ కంపెనీ’ అనే రాశాను. గైడుగారు మెచ్చుకున్నారు. ఇక మా డిపార్టుమెంటులో ఒక ఆనవాయితీ ఉండేది: లెక్కలు చూపించిన సంస్థ యజమానికి నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు వేయించిన ప్రతి ఒకటి స్వయంగా ఇచ్చి రావాలి. లోకమంతటి దగ్గరా దాచిన గుట్టుని, ఎవరికి తెలియకూడదో ఆ ఒక్క మనిషి చేతిలో, మిఠాయి డబ్బాతో సహా నేనే పెట్టి వచ్చాను. మొదటి పేజీలో మేనేజరుగారి సహకారం లేనిదే ఈ పరిశోధన లేదన్న కృతజ్ఞత కూడా ఉంది. లాలాజీ "శాబాష్ బేటీ" అన్నారు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ, నా పట్టికలు అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. మూడు వారాల తర్వాత భోజనాల దగ్గర బాబాయి తలెత్తకుండా చెప్పారు, పంకాల మావయ్యని ఉద్యోగంలోంచి తీసేశారని.

మర్నాడే ఫరీదాబాద్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. దారంతా క్షమాపణ ఇంగ్లీషులో కూర్చుకున్నాను (తప్పు ఒప్పుకునే అలవాటు తెలుగులో లేదు మరి). మావయ్య బనీనుతో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చారు.

"మీరు జీతం కోసం చేశారనుకున్నానండీ" అన్నాను.

"జీతాల పుస్తకం కూడా నీ ముందే పెట్టాను గదమ్మా. ఎనిమిదేళ్ళుగా నా జీతం పెరగలేదు. చూళ్ళేదా?"

చూడలేదు. ఆ పుస్తకం మీదే అన్నం డబ్బా పెట్టుకుని తిన్నాను.

"ఒక ఏడాది అమ్మకాలు పడిపోతే లాలాజీ ఆరుగుర్ని తీసేశారు. అందులో ఒకతను మా పక్కగదిలోనే ఉండేవాడు, పెళ్ళాం పిల్లల్తో. మూటలు నెత్తిన పెట్టుకుని వాళ్ళు వెళ్ళడం చూశాక, మళ్ళీ అలాంటిది చూళ్ళేననిపించింది. లాభం సమంగా కనపడితే ఆయన ఎవర్నీ కదపరు. అందుకని." ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "ఆయనకి చెప్పకుండా చేశాను, అది తప్పే. నువ్వు రాసిన అంకెల్లో తప్పేం లేదులే" అన్నారు.

"మరి ఇప్పుడు ఆ పనివాళ్ళు?"

"ఈ ఏడు అమ్మకాల్లేవు గదా. నిన్న నలుగుర్ని రావద్దన్నారంట."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఈనెలు తీయడం ఆపి, "ఇంతకీ ఫస్టు క్లాసొచ్చిందా?" అన్నారు. తలూపాను. "అచ్ఛా. మరి ఏడుపెందుకు?" అని లోపలికి తిరిగి, "ఏమేవ్, అమ్మాయి పాసయిందంట, కాస్త పంచదార పట్రా" అని కేకేశారు. ఆవిడ వచ్చి నోట్లో పోశారు. దాన్ని మింగడానికి పడ్డ అవస్థ నేను ఏ పరీక్షకీ పడలేదు.

తర్వాత మావయ్య ఒక లారీ ఆఫీసులో సగం జీతానికి కుదిరారు. ఆ నలుగురూ ఏమయ్యారో నాకు తెలియదు, కనుక్కునే ధైర్యం కూడా లేకపోయింది. నేను మాత్రం ముప్ఫై ఏళ్ళు అదే సిద్ధాంతం పాఠం చెప్పి రిటైరయ్యాను. అది తప్పని ఇప్పటికీ అనను, దానికి దొరికిన దొంగల్ని చాలామందినే చూశాను. కానీ ఇప్పుడు ఢిల్లీ ద్వారకలో మా బాల్కనీలో కూర్చుని ఆ ఇరవై మూడేళ్ళ పిల్లని తలుచుకుంటే, ఆ బాధలోనే చిన్న నవ్వొస్తుంది. ఎంత తెలివైన పిల్లో పాపం. నెల్లాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మనిషిని "ఎందుకండీ ఇలా రాశారు?" అని ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.